హక్కుకు హద్దు ఎక్కడ?

మా ఊరు అనంతపురం సీమలో ఒక మెట్ట గ్రామం. నేను ఉన్నత పాఠశాలలో చదువుకొనే రోజులలో మా నాయన చేనిలో బోరు వేయించినాడు. మా ఊరికి అది తొలి బోర్లలో ఒకటి. యంత్రం రెండు పగళ్ళు, ఒక రాత్రి నేలను తొలిచినది. నీరు పైకి చిమ్మిన నాడు ఊరంతా చూడవచ్చినది. అమ్మ పసుపు కుంకుమలు చల్లి టెంకాయ కొట్టినది. పిల్లలం ఆ బురదనీటిలో తడిసి ముద్దయినాము.

గట్టుకు ఆవల ఒక వృద్ధుని తోట ఉండేది. నేను ఆయనను తాతా అని, మా నాయన మామా అని పిలిచేవారం. బంధుత్వం లేదు, ఊరి వరుస. ఆయనకు ఒక బావి, ఆ బావి కింద అరవై చీనీ చెట్లు ఉండేవి. బావి ఆయన తండ్రి తవ్వించినది. మా బోరు పడిన రెండవ వేసవికి ఆ బావిలో నీరు అడుగంటినది. మూడవ వేసవికి చెట్ల ఆకులు ముడుచుకొన్నవి. ఒక సాయంకాలం ఆయన మా ఇంటి అరుగు మీద చాలాసేపు మాట లేకుండా కూర్చుండి, చివరకు ఇట్లా అన్నాడు: "నీ చేన్లో నువ్వు బోరేసుకున్నావప్పా. తప్పని నేనెట్లంటా? గానీ నా చెట్లు ఎండుతాండాయి."

మా నాయన చెడ్డవాడు కాడు. ఒకరి సొమ్ముకు ఆశపడినవాడు కాడు. ఆయన నెమ్మదిగానే సమాధానం చెప్పినాడు: "నేను నీ గట్టు దాటలేదు గదా మామా!"

తాతకు దానికి మారుమాట దొరకలేదు. కండువా దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోయినాడు. అప్పుడు నాకు పద్నాలుగేండ్లు. ఇప్పుడు యాభై దాటినవి. ఆ మాటలో తప్పు ఎక్కడ ఉన్నదో, అసలు తప్పు ఉన్నదో లేదో తెలుసుకొనటానికి నాకు చాలాకాలం పట్టినది. తరువాత గ్రంథాలు చదివిన కొద్దీ తెలిసివచ్చిన సంగతి ఏమంటే, ఒక మెట్ట రైతు నోట వచ్చిన ఆ ఒక్క వాక్యంలో మూడు శతాబ్దాల చరిత్ర గల ఒక మహా సిద్ధాంతం ఇమిడి ఉన్నది.

సహజ హక్కుల సిద్ధాంతమని దానికి పేరు. ఆధునిక కాలంలో దానికి గట్టి పునాది వేసినవాడు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్. 1689 చివర వెలువడిన ఆయన గ్రంథంలో, ప్రభుత్వాన్ని గురించిన రెండు ప్రకరణాలలో, చెప్పిన దాని సారం ఇది: మనిషికి కొన్ని హక్కులు రాజు ఇచ్చినవి కావు, శాసనం ఇచ్చినవీ కావు, మనిషిగా పుట్టినందువలననే అవి సంక్రమిస్తాయి. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అటువంటివి. భూమి మొదట అందరి సొత్తు. కాని ఎవని శరీరం వానిది, ఆ శరీరం చేసే శ్రమ కూడా వానిదే. కావున ఎవరికీ చెందని వస్తువులో తన శ్రమను కలిపినవాడు దానికి యజమాని అవుతాడు. చెట్టు కింద రాలిన కాయలు ఏరుకొన్నవానివి. ఊట అందరిదీ, కుండలోనికి తోడుకొన్న నీరు తోడుకొన్నవానిది. ఈ నీటి దృష్టాంతం లాక్ స్వయంగా ఇచ్చినదే.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పునాది మీద మేడ కట్టినవారు స్వేచ్ఛావాదులు. వారిలో అగ్రగణ్యుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండిన రాబర్ట్ నోజిక్ (1938–2002). సమాజంలోని అసమానతలు అట్టడుగువారికి మేలు కలిగించే మేరకే న్యాయమని జాన్ రాల్స్ 1971లో వాదించగా, 'అరాజకం, రాజ్యం, ఆదర్శలోకం' అనే అర్థం వచ్చే పేరుతో నోజిక్ 1974లో దానికి ప్రత్యుత్తరం వెలువరించినాడు. ఎవరి వద్ద ఎంత ఉన్నదని చూచి న్యాయాన్ని తేల్చరాదు. అది ఎట్లా వచ్చినదో చూడవలె, అని ఆయన వాదం. మొదట సంపాదించిన తీరు సక్రమమై, తరువాత చేతులు మారిన తీరు బలాత్కారమూ మోసమూ లేనిదైతే, ఫలితం ఎట్లా ఉన్నా న్యాయమే. పూర్వం అన్యాయం జరిగి ఉంటే దానిని సవరించవలెనని కూడా ఆయన ఒప్పుకొన్నాడు.

దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం. ఛాంబర్లేన్ అనే బాస్కెట్‌బాల్ క్రీడాకారుని ఆట చూడటానికి పది లక్షల మంది తలకు పావు డాలరు చొప్పున తామై ఇచ్చినారనుకొందాం. అతనికి రెండున్నర లక్షల డాలర్లు చేరుతాయి. ఇచ్చినవారు ఇష్టపడి ఇచ్చినారు. పుచ్చుకొన్నవాడు ఆడి పుచ్చుకొన్నాడు. ఇందులో అన్యాయం ఎక్కడ ఉన్నది? ఏ హక్కుతో మూడవవాడు వచ్చి అందులో పాలు అడుగుతాడు? దొంగతనాన్ని, హింసను, మోసాన్ని అడ్డుకొనటం, ఒప్పందాలను అమలుపరచటం, ఇంతవరకే రాజ్యం పని అని నోజిక్ నిర్ణయించినాడు. కష్టార్జితం మీద పన్ను వేసి మరొకరికి పంచిపెట్టటం వెట్టిచాకిరీకి సాటి వచ్చేదని ఆయన అభిప్రాయం.

ఈ వాదాన్ని తేలికగా కొట్టిపారవేయటం న్యాయం కాదు. విద్యార్థులు ముందుగా దీనిలోని బలాన్ని గ్రహించవలె. నీ శరీరం నీది అన్న ఒక్క మాట బానిసత్వం వేళ్ళను నరికే గొడ్డలి. తెలంగాణ పల్లెలలో దొర గడీ ముందు తరతరాలుగా వెట్టి చేసినవారి పక్షాన చెప్పదగిన మొదటి మాట అదే: ఈ చేతులు నావి, వీటి శ్రమ నాది. ప్రభుత్వాల విషయంలోనూ అంతే. 1975లో విధించిన అత్యవసర పరిస్థితి కాలంలో, ప్రాణస్వేచ్ఛల హక్కును కోర్టు ద్వారా కోరే వీలు పౌరునికి లేదని 1976లో సుప్రీంకోర్టు అధిక సంఖ్యాకుల తీర్పు ఇచ్చినది. జస్టిస్ ఎచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించినారు. ప్రాణరక్షణకు రాజ్యాంగంలోని ఒక అధికరణమొక్కటే ఆధారం కాదని, ఆ అధికరణం లేకున్నా చట్టం ఆధారం లేనిదే ఒక మనిషి ప్రాణాన్ని గాని స్వేచ్ఛను గాని హరించే అధికారం రాజ్యానికి లేదని ఆయన భావించినారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పాత తీర్పును తోసిపుచ్చినది. ప్రభుత్వం ఇవ్వని హక్కును ప్రభుత్వం తీసుకొనజాలదన్న భావన పౌరునికి కవచం వంటిది. ఆ కవచాన్ని పారవేయమని నేను చెప్పబోవటం లేదు. కవచం కప్పలేని చోట్లు మూడు ఉన్నవని మాత్రమే చెప్పదలచినాను.

మొదటిది గట్టు సంగతి.

హక్కు అనగా ఒక గట్టు. గట్టుకు ఈవల నాది, ఆవల నీది. దాటకుంటే తప్పు లేదు. కాని నీరు పల్లమెరుగును గాని పట్టాదారును ఎరుగదు. 1843లో ఇంగ్లండులో ఆక్టన్, బ్లండెల్ అనే ఇద్దరి మధ్య ఒక వ్యాజ్యం తీర్పుకు వచ్చినది. ఒకనిది నూలు మిల్లు. అది బావి నీటి మీద నడిచేది. సమీపంలో మరొకరు తమ నేలలో బొగ్గు గనులు తవ్వగా బావి ఎండినది. తన నేలలో తాను తవ్వుకొన్నవాని మీద నష్టపరిహారానికి వ్యాజ్యం చెల్లదని న్యాయస్థానం నిర్ణయించినది. ఆ న్యాయమే మన దేశానికీ దిగుమతి అయినది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో, నిర్ణీతమైన పాయగా పారని భూగర్భజలాన్ని తన హద్దులలో సేకరించుకొనే హక్కు భూస్వామికి ఉన్నదని ఉదాహరణ పూర్వకంగా చెప్పబడినది. అనగా మా నాయన మాటను చట్టం నూరేండ్లకు ముందే చెప్పి పెట్టినది.

అయితే సిద్ధాంతకర్తలు ఈ చోట చట్టం కన్న జాగ్రత్తగా ఉన్నారు. లాక్ తన సూత్రానికి రెండు షరతులు పెట్టినాడు. తీసుకొన్నది చెడిపోయేటంత తీసుకొనరాదు. తీసుకొన్న తరువాత ఇతరులకు చాలినంత, అంతే మంచిది, మిగిలి ఉండవలె. నోజిక్ ఈ రెండవ షరతును సడలించినాడు గాని వదలిపెట్టలేదు. ఎడారిలో ఉన్న ఒకే ఒక నీటిగుంటను ఆక్రమించుకొని తోచిన ధర చెప్పే హక్కు ఎవరికీ లేదని ఆయన స్పష్టంగా వ్రాసినాడు. మిగిలిన గుంటలన్నీ తమంతట తామే ఎండిపోయి ఒకనిది మాత్రం మిగిలినా, వాడు కూడా ఇష్టం వచ్చిన ధర అడగరాదట! ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ యజమాని ఎవరి గట్టూ దాటలేదు, ఎవరినీ మోసగించలేదు. అయినా అతని హక్కు కుదించుకొని పోయినది. ఎందువలన? చుట్టూ ఉన్నవారి దాహం వలన. తన కోటలో ఈ చిన్న ద్వారాన్ని నోజికే తెరచి పెట్టినాడు. ఒకసారి ద్వారం తెరచిన తరువాత, ఇతరుల అవసరం హక్కును తాకనే తాకదని చెప్పటం సాధ్యం కాదు.

మన శాసనకర్తలు కూడా ఆలస్యంగానైనా ఈ సంగతి గ్రహించినారు. 2002లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చినది. రైతులు దీనిని వాల్టా అంటారు. ప్రజల తాగునీటి ఆధారానికి దగ్గరగా కొత్త బావి తవ్వదలచినవాడు అనుమతి పొందవలె. నేల అతనిదే, కాని నేల అడుగున ఉన్నదంతా అతనిది మాత్రమే కాదన్న గుర్తింపు దానిలో ఉన్నది. అమలులో లోపాలు ఎన్నైనా ఉండనిండు; ఆ గుర్తింపు విలువ తక్కువది కాదు.

రెండవది ఆకలి సంగతి.

సహజ హక్కుల సిద్ధాంతం చేయరాని పనులను చెబుతుంది. చంపరాదు, దోచరాదు, మోసగించరాదు. చేయవలసిన పనులను గురించి అది మౌనం వహిస్తుంది. ఈ మౌనాన్ని వెరపు లేకుండా చివరికంటా తీసుకొనిపోయినవాడు ముర్రే రోత్‌బార్డ్ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త. 1982లో వెలువడిన స్వేచ్ఛానీతి గ్రంథంలో ఆయన, కన్నబిడ్డకు తిండి పెట్టి తీరవలెనన్న బాధ్యతను కూడా తల్లిదండ్రుల మీద చట్టం మోపరాదని వాదించినాడు. బిడ్డను కొట్టటం హక్కుల ఉల్లంఘన; బిడ్డకు అన్నం పెట్టకపోవటం కాదు! నైతికంగా వారి బాధ్యత ఏమిటన్నది వేరే ప్రశ్న అని ఆయన విడిచిపెట్టినాడు. ఆయన తర్కంలో లోపం లేదు. లోపం లేని తర్కం అంతటి చోటికి చేర్చినప్పుడు, బయలుదేరిన చోటనే ఏదో మరచి వచ్చినామని బుద్ధిమంతుడు అనుమానిస్తాడు.

ఇది పండితుల ఊహాలోకంలోని ప్రశ్న మాత్రమే కాదు. 1943లో వంగదేశంలో కరువు వచ్చినది. అమర్త్యసేన్ అంచనాలో సుమారు ముప్పై లక్షల మంది మరణించినారు. శాంతినికేతనంలో తొమ్మిదేండ్ల బాలుడుగా ఆ కరువును కన్నులారా చూచిన సేన్, 1981లో ప్రచురించిన గ్రంథంలో దానిని పరిశోధించి ఒక విచిత్రమైన సత్యాన్ని బయట పెట్టినాడు. ఆయన లెక్క ప్రకారం ఆ ఏడు వంగదేశంలో ఉన్న తిండిగింజలు అంతకు ముందటి అయిదేండ్ల సగటు కన్న సుమారు నూటికి 5 వంతులు మాత్రమే తక్కువ. కరువు లేని 1941వ సంవత్సరం కన్న నూటికి 13 వంతులు ఎక్కువ. గింజలు ఉన్నవి, కొనే శక్తి పోయినది. యుద్ధకాలపు ధరలకు కూలివాని కూలి, చేపలు పట్టేవాని చేపలు, మంగలివాని పని సాటి రాలేదు. మనుషులు నిండుగా ఉన్న దుకాణాల ముందు, దోచుకొనక, పడి మరణించినారు.

ఈ గింజల లెక్క మీద తరువాతి పరిశోధకులలో భేదాభిప్రాయాలు ఉన్నవి. కాని మన ప్రశ్నకు ఒక్క సంగతి చాలును. ఆ దుకాణదారు ఎవరి హక్కునూ హరించలేదు. బియ్యం తనది, తలుపు తనది. కూలివాని హక్కును కూడా ఎవరూ హరించలేదు. వానిని ఎవరూ కొట్టలేదు, బంధించలేదు. ఎవరి గట్టునూ ఎవరూ దాటకుండానే లక్షలమంది చనిపోవచ్చును! స్వేచ్ఛావాదుల హక్కులు ఒక్కటీ భంగపడకుండానే మహా క్షామాలు రాగలవని సేన్ 1999లో మరల హెచ్చరించినాడు. నోజిక్ ఈ ప్రశ్నను ఎరుగకపోలేదు. మహావిపత్తును తప్పించటానికి హక్కును అతిక్రమించవచ్చునా అన్న దానిని చర్చించకుండా దాటిపోదలచినానని ఆయనే ఒక పాదసూచికలో ఒప్పుకొన్నాడు. కాని ఆకలిగొన్నవానికి బ్రతుకంతా ఆ పాదసూచికలోనే ఉన్నది.

పూర్వులు దీనిని పాదసూచికకు నెట్టలేదు. మహాభారత శాంతిపర్వంలో, తిక్కన మనకు తెనిగించి ఇచ్చిన ఆ పర్వంలో, ఆపద్ధర్మాన్ని బోధిస్తూ భీష్ముడు ధర్మరాజుకు విశ్వామిత్రుని కథ చెబుతాడు. పన్నెండేండ్ల అనావృష్టిలో ఆకలికి తాళలేని ఆ మహర్షి ఒక చండాలుని గుడిసెలో కుక్క మాంసం దొంగిలించబోతాడు. ఇంటివాడు మేలుకొంటాడు. వారిద్దరి నడుమ సాగే వాదమంతా చదువదగినది. అది ప్రధానంగా మాంసం ఎవరిదన్న దాని మీద సాగదు. ఋషి ధర్మం ఏమగునన్న దాని మీద సాగుతుంది. బ్రతికి ఉంటేనే గదా ధర్మం ఆచరించటం అని విశ్వామిత్రుని పక్షం. క్రైస్తవ లోకంలో పదమూడవ శతాబ్దపు వేదాంతి అక్వినాస్, మరొక దారి లేని ఘోరావసరంలో ప్రాణరక్షణకై పరుని వస్తువు తీసుకొనటం దొంగతనమే కాదని నిర్ణయించినాడు. అంతదాకా ఎందుకు? ఆస్తిహక్కుకు ఆదిగురువైన లాకే తన మొదటి ప్రకరణంలో, ఘోరమైన లేమిలో ఉన్నవానికి పరుని మిగులు సంపదలో హక్కు ఉన్నదని చెప్పినాడు. దయ కాదు, హక్కు. శిష్యులు గురువు రెండవ ప్రకరణం చదివి మొదటిది మూసిపెట్టినారు.

మూడవది సమ్మతి సంగతి.

ఇష్టపడి చేసుకొన్న ఒప్పందం పవిత్రమని ఈ సిద్ధాంతం అంటుంది. మంచిదే. మరి ఇష్టం అనగా ఏమిటి? బిడ్డ పెండ్లికో, రోగానికో చేసిన అప్పు తీరేదాకా ఒకరి ఇంట జీతం ఉంటానని వేలిముద్ర వేసిన పాలేరు ఇష్టపడే వేసినాడు. ఎవరూ చేయి పట్టి వేయించలేదు. అప్పు తీరలేదు, కొడుకు ఆ కాడి కిందనే మెడ పెట్టినాడు. నోజిక్ ఈ చోట తన తర్కానికి కట్టుబడి, స్వేచ్ఛ గల సమాజంలో మనిషి తన్ను తాను బానిసగా అమ్ముకొనటానికి కూడా వీలుండవలెనని అంగీకరించినాడు. నీ శరీరం నీది అన్న మాటతో బయలుదేరి, కావున దానిని అమ్మివేయవచ్చును అన్న మాట దగ్గరకు వచ్చి చేరినాము. బానిసత్వాన్ని నరికిన గొడ్డలికే బానిసత్వం పిడిగా అమరినది.

మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించినది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినది. అయినా బలవంతం అనగా కర్ర పట్టుకొని చేయించటమేనా అన్న ప్రశ్న మిగిలినది. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల నిర్మాణ పనులలో కూలీలకు కనీస వేతనాలు అందటం లేదని వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనికి సమాధానం చెప్పినది. ఆకలి, పేదరికం కూడా బలవంతాలే. వాటికి లొంగి కనీస వేతనం కన్న తక్కువకు పనిచేసేవాడు చేసేది బలవంతపు చాకిరీయే అని జస్టిస్ భగవతి తీర్పు సారాంశం. వేరే దారి ఉన్నవాని అంగీకారానికే సమ్మతి అన్న పేరు తగును. దారి లేనివాని అంగీకారం మూలుగు వంటిది. దానిని సంతకంగా చదువుకొనటం న్యాయశాస్త్రానికి గౌరవం కాదు.

దీనికి స్వేచ్ఛావాదుల ఆక్షేపణలు రెండు ఉన్నవి. రెండూ వినదగినవే.

అవసరమున్నవాడికల్లా హక్కు ఉన్నదంటే ఎవని సొమ్ముకు రక్షణ ఏమిటి? పేదల పేరు చెప్పి ప్రభుత్వమే అన్నీ మింగదా? అన్నది మొదటిది. ఈ భయం అకారణం కాదు; గత శతాబ్దంలో అట్లా మింగిన ప్రభుత్వాలు ఉన్నవి. కాని హద్దు పెట్టటం వేరు, హరించటం వేరు. ఒక ఉదాహరణ చూడండి. కొత్త మందు కనిపెట్టినవాడు దానిని తన షరతుల మీద తప్ప అమ్మనంటే ఎవరి స్థితినీ దిగజార్చినవాడు కాడని నోజిక్ వాదించినాడు. మూత్రపిండాల, కాలేయపు కాన్సరుకు వాడే ఒక మందు మీద బేయర్ కంపెనీకి మన దేశంలో పేటెంటు ఉండేది. నెలకు సరిపడే 120 మాత్రల వెల సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. 2012 మార్చిలో పేటెంట్ల అధికారి, హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు దానిని తయారుచేయటానికి నిర్బంధ అనుమతి ఇచ్చినాడు. వెల 8,880 రూపాయలకు మించరాదు. పేటెంటుదారుకు రాయల్టీ చెల్లించవలె. హక్కును ఎవరూ రద్దు చేయలేదు; ప్రతిఫలాన్ని ఎవరూ కాదనలేదు. ఇరుపక్షాల వాదం విని, కారణాలు వ్రాసి, మీద మరొక న్యాయపీఠానికి పోయే వీలుంచి, హక్కుకు ఒక హద్దు చూపినారు. చట్టబద్ధమైన హద్దుకూ దోపిడికీ ఉన్న భేదం అది.

రెండవ ఆక్షేపణ మరింత సున్నితమైనది. పేదలను ఆదుకొనవద్దని మేము అనటం లేదు. నిర్బంధం వద్దంటున్నాము, దానధర్మాలు ఉన్నవి గదా, అంటారు. దానం గొప్పదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నలభై ఎనిమిది దినాలు అన్నపానాలు లేక, చివరకు మిగిలిన నీటిని కూడా దప్పిగొన్న అంత్యజునికి పోసిన రంతిదేవుని కథ భాగవత నవమస్కంధంలో ఉన్నది. కోనసీమ లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో సైతం అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు (1841–1909) మనకు పురాణకాలపు వ్యక్తి కాదు. అట్టివారు ఉన్నందువలననే లోకం నిలిచి ఉన్నది. కాని సీతమ్మగారు లేని ఊరిలో ఆకలిగొన్నవానికి దిక్కేది? దానంలో ఇచ్చేవానికి పుణ్యం ఉన్నది. పుచ్చుకొనేవానికి అడిగే హక్కు లేదు. 1832–33 నందన కరువులో గుంటూరు సీమలో దారుల వెంట ఎముకలు మిగిలినవి. దాతలు ఆనాడూ ఉండినారు, చాలలేదు. రాజ్యం బాధ్యతగా తీసుకొన్న నాటి నుంచే క్షామానికి కళ్ళెం పడినది.

ఈ మూడు చోట్లా మనకు తెలిసేది ఏమి? హక్కుల సిద్ధాంతం అబద్ధమని కాదు, అసంపూర్ణమని. ఇతరులు నా మీదికి రాకుండా అది గోడ కడుతుంది. గోడలోపల నేను ఎట్లా ఉండవలెనో, గోడకు ఆవల పడిపోయినవానికి నేను ఏమి బాకీయో అది చెప్పదు. బాకీ లేదని చెప్పినట్లు దాని మౌనాన్ని చదువుకొనటమే పొరపాటు. ఎవరికి వారే యమునా తీరే అన్న సామెతను మనం మెచ్చుకోలుగా ఎన్నడూ వాడలేదు.

నోజిక్ కూడా ఇది గ్రహించినట్లున్నది. 1989లో ప్రచురించిన మరొక గ్రంథంలో ఆయన, తాను పూర్వం చెప్పిన స్వేచ్ఛావాదం చాలా అసంపూర్ణంగా తోస్తున్నదని, మనుషుల పరస్పర సంబంధాలకు, కలసి చేసే కార్యాలకు అది తగినంత చోటు ఇవ్వలేదని వ్రాసినాడు. ఆయన తన మార్గాన్ని పూర్తిగా విడిచిపెట్టినాడని అనటానికి లేదు. కాని తన వాదంలోని వెలితిని తానే వ్రాసి ప్రకటించటం పండితులలో అరుదైన గుణం. విద్యార్థులు ఆయన సిద్ధాంతంతో పాటు ఆ గుణాన్ని కూడా నేర్వదగును.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. పౌరశాస్త్రం పాఠంలో హక్కులు ఒక జాబితాగా, బాధ్యతలు మరొక జాబితాగా కంఠస్థం చేయిస్తాము. ఒక్కనాడు జాబితాలు పక్కన పెట్టి, ఒక బోరు కథ చెప్పి, తప్పెవరిదని పిల్లలను అడగండి. తగవు రేగుతుంది. రేగనిండు. ఆ తగవులో రెండు పక్షాలనూ నిజాయితీగా వాదించగలిగిన పిల్లవాడు రేపు మంచి పౌరుడవుతాడు.

మా ఊరి కథ మిగిలిన భాగం చెప్పి ముగిస్తాను. తాత చీనీ చెట్లను కొట్టించి కట్టెలకు అమ్మినాడు. కొడుకు వెంట బెంగుళూరు పోయి, కట్టే మేడల వద్ద కాపలా ఉండి, అక్కడనే కన్ను మూసినాడు. పదేండ్లు గడిచినవి. మాకు పడమట ఒకరు మా బోరు కన్న రెండింతల లోతుకు బోరు వేయించినారు. ఆ వేసవి మా బోరు గాలి కక్కినది. నాయన చేని గట్టు మీద నిలబడి చాలాసేపు పడమటి వైపు చూచినాడు. వెళ్ళి అడుగుదామని నేను అన్నాను. "ఏమని అడుగుతావురా? వాడు మన గట్టు దాటలేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు పడమటి నుంచి మరలి, తాత తోట ఉండిన బీడు వైపు పోయినది.

తరువాతి కాలంలో అనంతపురం మొదలైన ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకొనే ఒక పథకం నడిచినది. వాన ఎంత కురిసినది, బావులలో నీటిమట్టం ఎంత ఉన్నది అని తామే కొలిచి, ఊరంతా ఒకచోట కూర్చుండి, ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయవచ్చునో రబీకి ముందుగా లెక్క కట్టుకొనేవారు. ఎవరి పొలమూ ఎవరూ లాగుకొనలేదు. ఎవరి బోరూ ఎవరూ పూడ్చలేదు. కాని నీరు అందరిదన్న లెక్క మొదటిసారిగా అందరి ముందూ గోడ మీదికి ఎక్కినది. అటువంటి లెక్క ఒకటి మా ఊరిలో ఆనాడే ఉండి ఉంటే, తాత అడిగిన దానికి నాయన గట్టును చూపవలసి వచ్చేది కాదు. ఇద్దరూ కలసి బావిలోనికి తొంగి చూచి ఉండేవారు.